గేదెకు పెళ్ళిచూపులు

గేదె ఒంట్లో జన్యువులన్నీ ఎప్పుడూ ఉంటాయి కానీ, అన్నీ ఒకేసారి మాట్లాడవు. తిండిని బట్టి కొన్ని నోరు విప్పుతాయి, కొన్ని మూసుకుంటాయి. ఏది ఎప్పుడు మాట్లాడుతుందో వినడమే నా పరిశోధన. ఇంట్లో ఎవరి మాటా వినని మీకు ఈ పని ఎవరిచ్చారని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

పామర్రు దగ్గర ఒక ఊళ్ళో గేదెలను ఎంచుకున్నాను. సగం పచ్చిమేత తినేవి, సగం ఎండుగడ్డితో నెట్టుకొచ్చేవి. రెండు గుంపుల రక్తంలో తేడా కనబడితే నా థీసిస్ గట్టెక్కుతుంది. కనబడలేదు. ఎండుగడ్డి గుంపు మొత్తం పచ్చిమేత గుంపులాగే తేలింది.

విజయవాడ భవానీపురంలో మా మేడమీద కూర్చుని ఆ ఫలితాల గ్రాఫు తలకిందులుగా కూడా చూశాను. మిషన్ తప్పా? దారిలో రక్తం సీసాల చుట్టూ ఐసు కరిగిందా? గేదెలే మారిపోయాయా? మా గైడుగారు తేల్చేశారు: "గేదెలు అర్థమవుతున్నాయయ్యా. నువ్వే అర్థం కావట్లేదు."

చివరికి ఆ ఊరెళ్ళి, ఎండుగడ్డి గుంపులోని ఒక గేదె తాలూకు ఇల్లాలినే అడిగాను. "మీరు వేసేది ఎండుగడ్డే కదండీ?"

"ఎండుగడ్డేనండి. మీరొస్తున్నానని ఫోన్ చేసిన కాడ్నుంచి మాత్రం పిల్లిపెసర పచ్చిమేత కోసుకొచ్చి వేస్తాం, మా తోడికోడలు చేలోంచి."

"ఎందుకండీ?"

"భలేవారే! డాక్టరుగారు చూడ్డానికొస్తుంటే డొక్కలెండిన గొడ్డుని నిలబెడతామా? మా వీధిలో అందరం అంతే. పెళ్ళిచూపులకి పిల్లని మాసిన చీరలో కూచోబెట్టరు కదండీ!"

మర్యాద కోసం వారం ముందే ఫోన్ చేసే నా అలవాటు నా కొంపే ముంచింది.

తర్వాతి నెల చెప్పకుండా వెళ్ళాను. గేదె ఉత్తి గడ్డి నములుతోంది. నాకు కావలసింది అదే. నన్ను చూడగానే ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఒక్క మాట చెప్పి రావచ్చు కదండీ" అంటూ తోడికోడలు చేలోకి పరిగెత్తింది. ఆవిడ చారెడు పచ్చిమేత పట్టుకొచ్చేలోగా రక్తం తీసేశాను. దొంగతనం చేసినట్టే ఉంది.

సీసాను ఐసులో పెడుతుంటే అడిగింది: "ఈసారన్నా రిజల్టు బాగా వస్తుందంటారా?"

ఆవిడకు బాగా రావడమంటే గేదె బాగుందని తేలడం. నాకు బాగా రావడమంటే బాగాలేదని తేలడం.

"వస్తుందండి," అన్నాను. ఎవరి తరఫున అన్నానో నాకే తెలియలేదు.

విజయవాడ బస్సులో ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూతకు పిల్లిపెసర ఆకు ఒకటి అంటుకుని ఉంది. దులపాలో వద్దో తేల్చుకునేలోగా బస్టాండు వచ్చేసింది.