‘ట’లో లేని గడి

ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా ఒట్లకు మా ఆఫీసులో ఎంత విలువుందో తెలిసినవాళ్లు ఈ పేరా వదిలేసి ముందుకు వెళ్లవచ్చు.

నిన్న కొండాపూర్‌లో ఒక మాల్ పై అంతస్తుకు వెళ్తే, ఆటల హాల్లోంచి టింగ్ టింగ్‌మని పాతకాలపు మోత వినిపించింది. అక్కడ ఒక గేము మెషీను తెర మీద, చదరపు గడులు పేర్చి కట్టిన లావుపాటి అక్షరాలు వెలిగాయి: ‘ఆట మళ్లీ మొదలు’. అందులో ‘ట’కు కుడి మూలన ఒక గడి లేదు. ఆ అక్షరాలు అక్కడికెలా చేరాయో తెలియదు గాని, ఆ గడి తీసేసింది మా స్వరూపక్క.

మాదాపూర్‌లో వీడియో గేములు చేసే ఒక చిన్న కంపెనీలో అప్పట్లో ఆమె నా బాస్. చిన్న చిన్న చదరపు గడులు నింపి, పాత గేముల్లో ఉండే మోటు అక్షరాలు గీయడం మా పని. ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా గడుల్లో కూర్చునేవి. తెలుగువి లావు చేసేసరికి లోపలి ఖాళీలన్నీ పూడిపోయేవి. మా ఓనరుగారు ‘ష’ను చూసి, “ఇదేమిటి, ఇటుకా?” అన్నారు. శుక్రవారానికి చదవగలిగేట్టు లేకపోతే గేము ఇంగ్లీషులోనే వెళ్తుందని తేల్చేశారు.

“మా అమ్మకు ఇంగ్లీష్ రాదు. ఫోన్ల ఏ ఆట తెరిచినా పరేషాన్ అయితది. గీ ఒక్కటన్న ఆడాలె,” అంది అక్క.

ఆమె పరీక్ష విచిత్రం. అక్షరాన్ని గోడకు అంటించి, “జర కండ్లు సగం మూసి చూడుండ్రి. గప్పుడు గూడ కనవడితేనే అక్షరం,” అనేది. ఆ వారం మా అంతస్తు మొత్తం అరమూసిన కళ్లతోనే తిరిగింది. అందరికీ కళ్లకలక వచ్చిందనుకుని వాచ్‌మన్ యాదయ్య చుక్కల మందు తెచ్చాడు. వద్దన్నా వినకుండా ఓనరుగారికి కూడా వేశాడు.

నేను మాత్రం ఇంకా గడులు నింపుతూనే ఉన్నాను.

“ఏంది తమ్మీ, గట్ల నింపుకుంట పోతున్నవ్? తియ్యి.”

“తీస్తే సన్నబడిపోదాండీ? లావుగా ఉండాలన్నారు కదా.”

“లావు గడులల్ల లేదు, ఖాళీల ఉన్నది. ముందుగాల ఖాళీని గీయి. దాని సుట్టు అక్షరం అదే వస్తది.”

ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తీశాను. తీసినకొద్దీ అక్షరం లావుగా కనిపించడమేమిటో, అదీ అర్థం కాలేదు. చివరికి ఆమె వచ్చి ‘ట’ మూలన ఒక గడి చెరిపింది. అది ఏ ఖాళీకీ అడ్డు కాదు. దాని మానాన అది ఉంది.

శుక్రవారం ఓనరుగారు చేయి చాపి ఫోన్‌ను దూరంగా పట్టుకున్నారు. కళ్లు సగం మూశారు. “ఆట... మళ్లీ... మొదలు,” అని చదివారు. అక్క వెంటనే వరండాలోకి వెళ్లి వాళ్లమ్మకు ఫోన్ చేసింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు ‘ముందుగాల ఖాళీని గీయి’ అన్న ఆ మాట చెప్పి చెప్పి పెద్దవాణ్ణయిపోయాను. ఒకమ్మాయి దాన్ని కాగితం మీద రాసి కంప్యూటర్‌కు అంటించుకుంది కూడా. కాబట్టి చెప్పేస్తున్నాను. మీరు అనుమానించిన చుక్కల మందు నిజం. నేను కల్పించింది ఆ ఖాళీ మాటను. మూలన గడి ఎందుకు తీశారండీ అని అడిగితే అక్క నిజంగా అన్నది ఇంతే:

“ఏమో తమ్మీ, నాకేం ఎరుక. ఉంటే మంచిగ లేదు, తీస్తే మంచిగున్నది.”

ఆ జవాబు అప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలదు. కానీ ఏ అక్షరం గీసినా, చివర్లో కళ్లు సగం మూస్తాను. ఎందుకో తెలియకుండానే ఒక గడి తీసేస్తాను.