రన్‌వే చివర రొట్టెలు

రాయచూరు జిల్లాలో మస్కి దాటాక, కాలవ పక్కన వరిమళ్ళ నడుమ ఒక సావుకారు వేయించిన చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, దానికి తగ్గ విమానాలే అక్కడ దిగేవి. ఇద్దరో నలుగురో పట్టే బుల్లి విమానాలు, పైలట్ చదువు చదివే పిల్లలు నేర్చుకునేవి. ఆ రన్‌వే మీదికి కుక్కలు రాకుండా చూడటం పరశురామ్ ఉద్యోగం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని ఊళ్ళో నవ్వేవాళ్ళు నవ్వారు. విమానానికి కుక్క అడ్డం పడితే ఏమవుతుందో తెలిసినవాడెవడూ నవ్వడు.

పరశురామ్‌ది జాలహళ్ళి. ఉన్న కాస్త చెలక వానల్లేక బీడు పడితే, రాయచూరు వెళ్ళి పత్తి మిల్లులో బేళ్ళు మోశాడు. నడుము పట్టేశాక ఆ పని చేతకాక ఇక్కడ చేరాడు. చేరిన కొత్తలో కర్ర పట్టుకుని కుక్కల వెంట పడేవాడు. నాలుగు కాళ్ళ దానితో రెండు కాళ్ళ వాడు ఎంతసేపని పరుగెత్తగలడు? ఒకనాడు విసుగెత్తి, తను తినడానికి తెచ్చుకున్న జొన్నరొట్టె తీసి రన్‌వే అవతలి కొసన విసిరాడు. కుక్కలన్నీ అక్కడికే పోయాయి. ఇక అదే పద్ధతి అయింది. ఇంజను చప్పుడు వినగానే సైకిలెక్కి అవతలి కొసకు వెళ్ళి, తారు అయిపోయే చోట రొట్టెముక్కలు వేసి, విమానం ఆగేదాకా వాటి మధ్యే గొంతుక్కూర్చునేవాడు. బుల్లి విమానాలు ఇవతల దిగి సగంలోనే ఆగిపోయేవి కాబట్టి, అంతకన్నా భద్రమైన చోటు లేదు. పోగా పోగా కుక్కలే చప్పుడు విని, అతనికన్నా ముందు వెళ్ళి అక్కడ కాచుకోవడం మొదలుపెట్టాయి. వాటిలో పెద్దది కరియ. నల్లటిది, ఒక చెవి చిరిగినది. ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు, పరశురామ్ చేతిలోంచి మాత్రం తినేది.

రొట్టెలు కొట్టేది అతని భార్య తిమ్మమ్మ. "మనింట్ల మనుషులకన్న కుక్కలకే పిండి ఎక్కువైతున్నది" అని సణుగుతూనే రోజూ రెండు ఎక్కువ కొట్టేది.

అలా నడుస్తుండగా ఒకరోజు మేనేజర్ రమేష్‌బాబు పనివాళ్ళందరినీ పిలిచాడు. కాలవ కింద వ్యవసాయానికి కోస్తా నుంచి వచ్చిన కుటుంబం అతనిది.

"మన దగ్గరికి పెద్ద విమానం వస్తుందయ్యా. డెబ్భై మంది పడతారు. టర్బోప్రాప్ అంటారు, రెక్కలకు రెండు పెద్ద పంకాలుంటాయి. ముందు ఖాళీగా వచ్చి, మన రన్‌వే మీద దిగి చూసుకుని వెళ్తారు. నచ్చితే రోజూ తిప్పుతారు. అప్పుడు మీ ఉద్యోగాలన్నీ పర్మినెంటే," అన్నాడు. పరశురామ్ వైపు తిరిగి, "ఆ రోజు ఒక్క కుక్క కనపడ్డానికి వీల్లేదు," అన్నాడు.

పరశురామ్‌కు తాతకు దగ్గులు నేర్పినట్టు అనిపించింది. "గది నాకిడ్సిపెట్టుండ్రి సార్. ఇన్నేండ్లల ఒక్కటన్న అడ్డమొచ్చిందా," అన్నాడు.

పర్మినెంట్ అన్న మాట విని తిమ్మమ్మ ఎల్లమ్మకు మొక్కుకుంది. మొగుడి ఖాకీ చొక్కా గంజి పెట్టి ఉతికింది. "విమానం దిగేటప్పుడు సావుకార్ ముంగట నిలబడు. నువ్వు ఎప్పటికీ ఆ కొసన కుక్కలల్ల కూసుంటే ఎవరి కంటికి ఆనుతవ్?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు.

ఆ రోజు రానే వచ్చింది. ఆకాశంలో చప్పుడు ఎప్పటికన్నా బరువుగా వినిపించింది. పరశురామ్ అవతలి కొసకు వెళ్ళి, రోజూ వేసేదానికి రెండింతలు రొట్టెలు వేసి, కరియ తల నిమిరాడు. అక్కడ కూర్చోలేదు. సైకిలెక్కి వెనక్కి వచ్చి, పూలదండలు పట్టుకున్న వాళ్ళ పక్కన వరుసలో నిలబడ్డాడు. పెద్ద విమానానికి రన్‌వే మొత్తం కావాలని అతనికెవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. తను చూసిన విమానాలన్నీ సగంలోనే ఆగాయి కాబట్టి ఇదీ ఆగుతుందనుకున్నాడు.

విమానం దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది సగం దాటింది, ఇంకా పోతూనే ఉంది. పరశురామ్ సావుకారు చూస్తున్నాడన్న ధ్యాస కూడా లేకుండా వరుస వదిలి పరుగెత్తాడు.

కొసదాకా పోయిన విమానం వెనక్కి రావడానికి మెల్లగా మళ్ళింది. ఆ హోరుకు మిగతా కుక్కలు బెదిరి మళ్ళలో పడి పారిపోయాయి. కరియ పారిపోలేదు. ఇంజను చప్పుడంటే దానికి తెలిసింది ఒక్కటే, పరశురామ్ వస్తాడని. తోక ఊపుకుంటూ, తిరుగుతున్న పంకాకు ఎదురుగా వెళ్ళింది.

అతను చేరుకునేసరికి, పూడ్చిపెట్టడానికి ఇది కరియ అనదగ్గది పెద్దగా ఏమీ మిగల్లేదు. అక్కడే కూలబడి ఏడ్చాడు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు అక్కడ కూర్చోని పాపానికి ఇంత శిక్షా అని ఏడ్చాడు.

పంకా రెక్క ఒకటి దెబ్బతింది. విమానం కొన్నాళ్ళు అక్కడే పడి ఉంది. హైదరాబాద్ నుంచి మనుషులొచ్చి బాగుచేసి ఎగరేసుకుపోయారు. మళ్ళీ రాలేదు. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, సావుకారు కోపమంతా మిగిలిన కుక్కల మీద పడింది. వలలు వేసేవాళ్ళను పిలిపించాడు. వాళ్ళను చూడగానే కుక్కలు వరిలో దూరి మాయమయ్యాయి.

రమేష్‌బాబు పరశురామ్‌ను పక్కకు పిలిచాడు. "అవి నీ మాటకే వస్తాయి. నువ్వే వ్యాన్ ఎక్కించాలి. లేకపోతే రేపట్నుంచి నిన్నూ రావద్దన్నారు పెద్దాయన. నా చేతుల్లో ఏం లేదు."

"యాడికి తీస్కపోతరు సార్?"

"ఎక్కడో అడవిలో వదుల్తారంట," అన్నాడు రమేష్‌బాబు, కాలవ వైపు చూస్తూ.

అది అబద్ధమని పరశురామ్‌కు తెలుసు. ఉద్యోగం పోతే ఈ నడుముతో ఎవరూ పనిలో పెట్టుకోరనీ తెలుసు. ఇంటికెళ్ళి సంగతి చెబితే తిమ్మమ్మ పిండి డబ్బాకు మూత పెట్టేసింది.

"ఈ రొట్టె నేను కొట్ట," అంది. "ఈ పిండి నా చేతికి అంటనియ్య."

తెల్లవారి అతనే పొయ్యి దగ్గర కూర్చున్నాడు. అంచులు పగిలి, మందంగా, ఎట్లాగో నాలుగు రొట్టెలయ్యాయి.

వ్యాన్‌ను అవతలి కొసనే పెట్టించి, వలలవాళ్ళను దూరంగా పొమ్మన్నాడు. పిలిస్తే కుక్కలు ఒక్కొక్కటే వరిలోంచి వచ్చాయి. వ్యాన్ చూసి ఆగిపోయాయి. అతను ఎక్కి లోపల గొంతుక్కూర్చున్నాడు. అతణ్ణి చూసి అవీ ఎక్కి, చుట్టూ చేరాయి. అన్నిటికీ ముక్కలు పంచాడు. ఒకటి అతని మోకాలి మీద తల పెట్టింది. దాన్ని పక్కకు జరిపి, వంగి కిందికి దిగి, తలుపు మూసి గడియ పెట్టాడు.

లోపల ఒక్కటీ మొరగలేదు. రొట్టె నమిలే చప్పుడే వినిపించింది.