ఆటలో నదికి వేసిన బిళ్ళ

నదిలో ఒక్క బిళ్ళ వేసి ఒక రాజ్యాన్నంతా ముంచేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ధవళేశ్వరం వచ్చి మా ఇల్లు అడగండి. తలుపు తీసేది ఆవిడే.

మా ఆయన భీమవరం నుంచి రొయ్యల లోడుతో లారీ తోలేవారు. లివర్ పాడై మంచాన పడ్డాక ఇల్లు, ఆసుపత్రి తప్ప ఆయనకు వేరే రోడ్డే లేకుండా పోయింది. అది చూడలేక మా అమ్మాయి శిరీష ఎవరో స్నేహితురాలి దగ్గర్నుంచి పాత గేమ్ పెట్టె తెచ్చి టీవీకి తగిలించింది. అందులో ఒక వీరుడు, ఒక గోధుమరంగు గుర్రం, ఎంత తిరిగినా తరగని దేశం. ఆ దేశంలో టోల్‌గేట్లు లేవని తెలిశాక మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ క్లీనర్ పని చేసేదాన్ని. ఎడమ పక్క దొంగలున్నారండీ, గుర్రం అలిసిపోయింది, కాసేపు ఆపండీ అని.

ఆ దేశం చివర, పెద్ద నదికి అవతల, ఒక ఇనుప తలుపు ఉంది. డాక్టరుగారు అప్పటికే కొత్త మందులు రాయడం మానేశారు. మా ఆయన మాత్రం, "ఆ తలుపు వెనకేముందో చూస్తే చాలే" అన్నారంతే.

తీరా వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఓపిక అయిపోయింది. రిమోట్ నా చేతిలో పెట్టారు.

"నువ్వు తోలు. నేరుగా పోవడమే."

సైకిలు కూడా రానిదాన్ని గుర్రం తోలాను. వీరుడు పెళ్ళికి తాగొచ్చిన మేనమామలా ప్రతి స్తంభాన్నీ పలకరించుకుంటూ నడిచాడు. వంతెన మధ్యకొచ్చాం. కింద నీళ్ళు ఎర్రగా, అచ్చం వరద గోదావరే. పెళ్ళయిన కొత్తలో లారీ రాజమండ్రి వంతెన ఎక్కినప్పుడల్లా ఆయన జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి నాకిచ్చేవారు. నేను కళ్ళకద్దుకుని గోదారమ్మకి వేసేదాన్ని. ఇక ఆ చెయ్యి ఆగుతుందా, మీరే చెప్పండి. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. వీరుడి సంచీ తెరిచాను. గుండ్రంగా, పచ్చగా మెరుస్తూ ఒక బిళ్ళ కనిపించింది. అప్పటిదాకా అన్నీ తప్పు నొక్కిన వేలు అదొక్కటీ సరిగ్గా నొక్కింది. బిళ్ళ నీళ్ళలో పడింది. నేను టీవీకి దణ్ణం కూడా పెట్టాను.

"ఏం చేశావే?" అన్నారాయన.

"నదికి బిళ్ళ వేశానండీ. మీకు బాగవ్వాలని."

ఆయన సంచీ చూశారు, నన్ను చూశారు. "ఆ తలుపు తెరుచుకునేది దాంతోనే."

శిరీష వచ్చి ఏవేవో నొక్కి చూసింది. బిళ్ళ పడిపోయాక ఆట తనంతట తానే సేవ్ అయిపోయిందట, వెనక్కి వెళ్ళడం కుదరదట, ఇక మొదట్నుంచీ ఆడాల్సిందేనట. మొదట్నుంచీ ఆడేంత వ్యవధి ఆ మంచం మీద లేదని మా ముగ్గురికీ తెలుసు. అప్పుడు నవ్వారండీ మా ఆయన. దగ్గొచ్చేదాకా, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"బండి తాళం గోదాట్లో వేసిన క్లీనర్ని ఏ రూట్లోనూ చూళ్ళేదే" అన్నారు. "పోన్లే, మళ్ళీ బయల్దేరదాం. నాకేం తొందర?"

మళ్ళీ అదే ఊరు, అదే గుర్రం. ఈసారి డ్రైవర్ని నేను, క్లీనర్ ఆయన. పడుకునే దారి చెప్పేవారు. ఎడమ పక్క దొంగలున్నారే అనేవారు. మంచు కొండ దిగుతుండగా ఒక మధ్యాహ్నం పక్కనుంచి మాట రాలేదు. నిద్రపోయారనుకున్నాను. చప్పుడుకి లేస్తారేమోనని గుర్రాన్ని మెల్లగా, చాలా దూరం మెల్లగా నడిపించాను.

కార్యక్రమాలన్నీ అయ్యాక, మిగిలిన దారంతా ఒక్కదాన్నే తోలాను. ఇప్పుడు వంతెన ఎదురుగా ఉంది. సంచీలో బిళ్ళ ఉంది. నాన్న చూడాలనుకున్నది కదమ్మా, వెళ్ళి తలుపు తియ్యి అంటుంది శిరీష.

అందుచేత ఇది చదివిన వాళ్ళందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఏ ఆటలోనైనా, ఏ వంతెన మీదైనా, ఏ నదికీ ఇక బిళ్ళ వేయను. నా చేతి మీద నాకు నమ్మకం లేదు కనక ఆ వంతెనే ఎక్కడం లేదు. గుర్రం ఇవతలి ఒడ్డున గడ్డి మేస్తోంది. క్లీనర్ ఎక్కకుండా బండి కదపకూడదని మా ఆయనే చెప్పేవారు.