పదడుగుల రక్షావలయం

గోవిందరాజులు గారికి ఒక్కటే బలహీనత. సందేహాలన్నీ తీరితే తప్ప ఏ పనీ మొదలుపెట్టరు. రోజూ ఉదయం ఆఫీసు గేటు బయట టీ గ్లాసు అందుకుని, అల్లం దంచి వేశావా భయ్యా, తురిమి వేశావా అని హిందీలో విచారణ చేపడతారు. మరిగాక వేశావా, మరగకముందే వేశావా అన్నది కూడా తేలాలి. అన్నీ తేలేసరికి టీ చల్లారిపోతుంది. ఆ చల్లారిన టీనే తృప్తిగా తాగి, కేంద్ర ప్రభుత్వంలో తన సెక్షన్ ఆఫీసరు కుర్చీలోకి వెళ్తారు.

అలాంటి మనిషిని మేనకోడలు ప్రీతి ఒక ఆదివారం నోయిడాలో పృథ్వీరాజ్ ఫ్లాట్‌కి తీసుకొచ్చింది. అక్కడ ఆడేది కథల ఆట. పృథ్వీరాజ్ కథ నడుపుతాడు. గుహలనీ రాక్షసులనీ అతనే వర్ణిస్తాడు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో చెప్పి పాచికలు వేస్తారు. ప్రీతి కత్తి పట్టిన వీరనారి. ఢిల్లీ కటవారియా సరాయ్‌లో అద్దె గదిలో ఉంటూ సాహిత్యంలో ఎం.ఏ. చదువుతున్న హారిక, పాత లిపులు చదివే పండితురాలు. గోవిందరాజులు గారు మాంత్రికుడు.

ఇరవై మంత్రాల జాబితా చేతికిస్తే ఆయన పిడుగులనీ నిప్పులనీ పక్కకు నెట్టి రక్షావలయం ఎంచుకున్నారు. పదడుగుల మేర కనపడని గోడ. వేసినవాడు కదలనంతసేపు నిలుస్తుంది, కదిలితే చెదిరిపోతుంది. కార్డు మీద ఉన్నది అంతే. ఆయనకి అది ఏ మూలకీ చాలలేదు.

"పదడుగులంటే వ్యాసమా, వ్యాసార్ధమా?"

"వ్యాసం, అంకుల్."

"పైకప్పు ఉందా?"

"ఉంది. బోర్లించిన గిన్నె అనుకోండ్రి."

"బోర్లిస్తే కింద ఖాళీయే కదా. భూమిలోంచి ఎలుక వస్తే?"

ఎలుక రాదని పృథ్వీరాజ్ తీర్పు చెప్పాడు. మరుసటి ఆదివారానికి పేరా నంబర్లతో మూడు పేజీల టైపు కాగితం వచ్చింది. గాలి వెళ్తుందా? వెళ్తే వాసన మాటేమిటి? ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉన్నవాడు ఎవరి లెక్కలోకి వస్తాడు?

వలయం వేశాక ఆయన నిజంగానే కదలరు. సమోసాల పళ్లెం ముక్కు కిందికి వచ్చినా చెయ్యి లేవదు. ప్రీతే ముక్కలు తుంచి నోట్లో పెట్టేది. నమలడం కదలడం కిందికి వస్తుందా అని ఆయనే అనుమానం లేవనెత్తితే, నోటికి మినహాయింపు దొరికింది. ఆరు ఆదివారాల్లో ఆయన ఒక్క రాక్షసుణ్ణీ చంపలేదు. రాక్షసులే విసుగెత్తి వెళ్లిపోయిన సందర్భాలు మాత్రం రెండున్నాయి.

హారికకి ఇదంతా సరదాగానే ఉండేది. తన వంతు వచ్చినప్పుడే చిక్కు. మాట గొంతు దాకా వచ్చేలోపు ఇంకెవరో ఆమె తరఫున చెప్పేసేవారు. ఆరు వారాలుగా ఆమె పండితురాలు స్తంభాల వెనకే బతుకుతోంది. ఏడో ఆదివారం మెట్రోలో వస్తూ, ఇవాళ కూడా నోరు పెగలకపోతే ఇక రాకూడదని నిర్ణయించుకుంది.

ఆ రోజు గుహలో నిప్పులు కక్కే మహాసర్పం ఎదురైంది. ప్రీతి వీరనారి రెండుసార్లు కాలింది. హారిక మాత్రం ఒక సంగతి కనిపెట్టింది. చెప్పబోయింది.

"నువ్వు స్తంభం వెనక్కి పో హారికా," అంది ప్రీతి.

"జల్ది చెప్పు. వెనక్కేనా?" అన్నాడు పృథ్వీరాజ్.

హారిక సరేనని తల ఊపబోయింది.

"ఒక క్లారిఫికేషన్," అన్నారు గోవిందరాజులు గారు.

ఆ పూటకి ఆయన వెయ్యగలిగేది ఇంకొక్క మంత్రమేననీ, ఈసారైనా జాబితాలోని నిప్పు మంత్రం వెయ్యమనీ ప్రీతి బతిమాలింది. ఆయన వినిపించుకోలేదు.

"బయటి మాటలు వలయం లోపలికి వినిపిస్తాయా?"

"వినిపించవు అంకుల్."

"లోపలివాళ్ల మాట బయటికి?"

"వినిపిస్తది. ఇగ చాలు."

"అయితే హారిక ఒక్కదాని చుట్టూ వేస్తున్నాను. నేను బయటే ఉంటాను. మన మాటలు తనకి వినిపించవు కాబట్టి ఎవరూ తనతో మాట్లాడకూడదు. రూలు."

రెండు చేతులూ బల్ల మీద ఆనించి శిల్పంలా బిగుసుకున్నారు. మహాసర్పం ఆయన వైపు తిరిగిందని, పక్కకి దూకుతారా అని పృథ్వీరాజ్ అడిగాడు. దూకితే వలయం చెదిరిపోదూ అన్నారాయన. మాంత్రికుడు అక్కడికక్కడే బూడిదయ్యాడు.

"బూడిద కావడం కదలడం కిందికి వస్తుందా?"

పృథ్వీరాజ్ చాలాసేపు ఆలోచించి, రాదన్నాడు.

ప్రీతి నోరు తెరిచింది. మావయ్య కనుగుడ్లు మాత్రం తిప్పి చూస్తే మూసేసుకుంది. హారిక నిండా ఒక నిమిషం తీసుకుంది.

"అది ఇంతసేపూ ఉన్నచోటు నుంచి ఒక్క అడుగు కదల్లేదు. గుడ్లు పొదుగుతోంది. మనం ఆయుధాలు కింద పెట్టి గోడ వెంబడి వెళ్లిపోతే ఏమీ చెయ్యదు."

పృథ్వీరాజ్ తన కాగితాలు ఒకసారి చూసుకున్నాడు. ఈ గుడ్ల సంగతి నెల క్రితమే రాసిపెట్టుకున్నాననీ, ఎవరికైనా తడుతుందా అని ఎదురుచూస్తున్నాననీ ఒప్పుకున్నాడు. వచ్చే వారం రెండింటికేనా అని హారికే అడిగింది.

తిరుగు మెట్రోలో, చచ్చిపోతారని తెలిసి కూడా ఎందుకలా చేశారని ఆమె గోవిందరాజులు గారిని అడిగింది.

"ఇరవై ఆరేళ్లుగా మీటింగుల్లో కూర్చుంటున్నానమ్మా," అన్నారాయన. "కొంతమంది నోరు విప్పేలోపే మిగతావాళ్లు మినిట్స్ రాసి మీటింగు ముగించేస్తారు. వాళ్లు ఏం చెప్పేవారో అని నాకు కుతూహలం."

మాంత్రికుడు పోయాడు కాబట్టి, ఇప్పుడు గోవిందరాజులు గారు అదే ఆటలో వంటవాడి పాత్ర వేస్తున్నారు. అల్లం దంచి వెయ్యాలా, తురిమి వెయ్యాలా అన్నది ఇంకా తేలలేదు.