టేబుల్ మీద పెట్టినారంట

ఆత్మకూరు ఆఫీసుల్లో మస్తానమ్మ ఎక్కని మెట్టు లేదు. చదువు లేకపోయినా ఒక సంగతి మాత్రం బాగా ఒంటబట్టింది. అర్జీ బీరువాలోకి పోయిందా, చచ్చినట్టే. ఆఫీసరు టేబుల్ మీద ఉందా, ఇంకా ఊపిరి ఉన్నట్టే. రేషన్ కార్డులూ, కాలనీ బోరూ అలా టేబుల్ మీదికి తెచ్చుకున్నవే. తిరిగి తిరిగి మోకాళ్లు అరిగిపోయాయి పాపం.

ఈసారి అడిగింది దారి. అనంతసాగరం దాపున వాళ్ల కాలనీకీ, చేపలు పట్టే చెరువుకీ మధ్య కొత్త రైలుకట్ట లేస్తోంది. ఒక్కచోట మాత్రం మట్టి పోయకుండా సందు వదిలారు. అది పూడ్చేలోగా కట్ట కింద దారి మంజూరు కావాలి. లేదంటే వలలు మోసుకుని ఎక్కడికో చుట్టూ తిరిగి పోవాల్సిందే.

ఎంపీ ఆఫీసులో పనిచేసే ప్రసన్నకుమారి మనసున్న మనిషి. పట్టుబట్టి పార్లమెంటులో ప్రశ్న వేయించింది. కానీ ఎవరి ప్రశ్న ముందో అక్కడ చీటీలు తీసి తేలుస్తారు. వీళ్లది అడుగున పడింది. దాని వంతు రాకముందే ఏదో గొడవై సభ వాయిదా పడింది. మంత్రి నోటితో చెప్పాల్సిన జవాబు కాగితమైపోయింది.

"సమాధానం సభ టేబుల్ మీద పెట్టినారు పెద్దమ్మా, అయితే..." అని ప్రసన్నకుమారి ఫోన్లో చెబుతుండగానే మస్తానమ్మ సంతోషం పట్టలేక ఫోన్ పెట్టేసింది.

మర్నాడు సందు పూడ్చను మట్టి తెచ్చే టిప్పర్లను ఆపాలని కాలనీ అంతా అనుకుని ఉంది. "అడ్డం కూచోబాకండిరా! మన కాయితం టేబుల్ మీదికొచ్చిండాది. ఢిల్లీలో టేబుల్!" అంది మస్తానమ్మ. ఆమె మాట ఎన్నడూ తప్పలేదు కదా, అందరూ ఆగిపోయారు. వారం తిరక్కముందే సందు పూడిపోయింది.

మస్తానమ్మ ఆటో ఎక్కి ఆత్మకూరులో ఎంపీ ఆఫీసుకు పోయింది. "టేబుల్ మీద ఉండాదంటివే తల్లీ!"

ప్రసన్నకుమారి తలెత్తలేకపోయింది. "ఆడ టేబుల్ మీద పెట్టినారంటే అయిపోయినట్టే పెద్దమ్మా. దారి ఇచ్చే ఆలోచన లేదని రాసి పెట్టేసినారు."

"ఎందుకు లేదని ఎదురడగలేదా?"

"నోటితో చెప్పుంటే అడిగుండొచ్చు. కాయితమైతే అడిగే రూలు లేదు."

"మరి ఆ కాయితం టేబుల్ మీద నుంచి ఎవురు తీస్తారు?"

"ఎవురూ తీయరు పెద్దమ్మా."

కోప్పడే ఓపిక కూడా మస్తానమ్మకు లేకపోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే కదా.

సాయంత్రం కట్ట మొదట్లో కాలనీవాళ్లతో కలిసి వలలతో కాచుకుని ఉన్న మునెయ్య అడిగాడు. "ఏమన్నారత్తా?"

మస్తానమ్మ కట్ట మీదికి చూసింది. "ఇంకోసారి నేను టేబుల్ మీద ఉండాదంటే ఇనబాకండిరా. పోయి టిప్పర్లకు అడ్డం కూచోండి."