అమ్మవారి కర్పూరం, పంచాయతీ కిరసనాయిలు

"అది సరేలేవే పేరమ్మా, నిన్న చెబుతూ చెబుతూ మా ఊరు రాగానే ఆపేశావు. ఇంతకీ ఆ ఏసుబాబు కిరసనాయిలు తీశాడా, తియ్యలేదా?"

తెనాలిలో రేపల్లె బండి కదిలిందో లేదో, రంగమ్మ అందుకుంది. ఆమె జంపని రైతు ఇల్లాలు, తెనాలిలో పెరుగమ్ముకుని ఇంటికి పోతోంది. ఎదురుగా ఖాళీ చేపలగంప కాళ్ల దగ్గర పెట్టుకుని పేరమ్మ.

"నాకేం తెలుసు వదినా? నేను చూశానా ఏంటి?"

"గుళ్లో కర్పూరం ఆర్పమను. తీసినోడైతే చెయ్యి వణుకుద్ది."

"ఆడు కిరస్తానీ. అమ్మోరి ముందు ప్రమాణం చెయ్యనంటున్నాడు."

"అయితే తీసినట్టే!"

పేరమ్మ కిటికీ వైపు తిరిగింది. ఆ 'తీసినట్టే' అన్న మాట వారం నుంచి ఊళ్లో ప్రతి నోటా వింటోంది.

రేపల్లె దాటి సముద్రం వైపు పోతే వస్తుంది వాళ్ల ఊరు. అక్కడ ఎవరి మీద నింద పడ్డా అంకమ్మ తల్లి గుడి ముందు నిలబడాలి. తమలపాకు మీద కర్పూరం వెలిగిస్తారు. "నేనెరగను తల్లీ" అని దాన్ని అరచేత్తో ఆర్పాలి. ఆర్పాడా, ఇక ఎవరూ నోరెత్తకూడదు. అబద్ధమాడినవాడి పడవ ఒడ్డుకు రాదని నమ్మకం. వల తెగినా కోడి పోయినా అదే కోర్టు.

ఆ తర్వాత పంచాయతీ వచ్చింది, వీధిలాంతర్లు వచ్చాయి. వాటిని వెలిగించే పని ఏసుబాబుకిచ్చారు. పోయిన వారం పంచాయతీ గదిలో కిరసనాయిలు డబ్బా మాయమైంది. తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. "కర్పూరం ఆర్పు, లేకపోతే పని మానుకో" అన్నాడు ప్రెసిడెంటు పోలయ్య. ఆయనే కులపెద్ద కూడానూ! రెండు పెద్దరికాలూ ఒకే తలపాగాలో చుట్టుకున్న మనిషి.

ఇక పేరమ్మ సంగతి. పంచాయతీలో ఆడమనిషి ఒకతె ఉండాలన్నారు. తెనాలి దాకా పోయి బేరమాడే నోరుంది కదా అని ఈమెను కూర్చోబెట్టారు. ఆ నోరు మీటింగులో మాత్రం తెరవదనుకున్నారు, అమాయకులు!

జంపనిలో దిగిన రంగమ్మ కిటికీ దగ్గరికొచ్చి మరీ చెప్పింది. "ఆడి పక్షాన మాట్లాడి అమ్మోరితో పెట్టుకోకే! పిల్లలు గలదానివి."

ఆ మాటతో పేరమ్మకు కాలు నిలవలేదు. తలుపు దగ్గరికి పోతుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. వేమూరులో, సాయంత్రం మీటింగులో పోలయ్య చెప్పినట్టే చెయ్యెత్తేద్దామనుకుంది. భట్టిప్రోలు వచ్చేసరికి ఛీ అనుకుంది. రేపల్లెలో గంప మరిచిపోయి దిగి, కేకలేస్తూ వెనక్కి పరిగెత్తింది.

పొద్దు వాలుతుండగా మీటింగు. ఏసుబాబు గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఏరా, చివరిసారి అడుగుతున్నా. ఆర్పుతావా?" అన్నాడు పోలయ్య.

"నేను తియ్యలేదు పెద్దయ్యా. నా దేవుడి మీద ఒట్టేస్తా. నమ్మని దేవత ముందు చెయ్యి పెడితే అదే అబద్ధమవుద్ది గదండీ."

"నీ ఒట్టు ఈ ఊళ్లో చెల్లదు."

పేరమ్మ లేచింది. "పోలయ్య బావా, మనం మెంబర్లమైన రోజు ఆఫీసరు ప్రమాణం చేయిస్తూ ఏమడిగాడు? దేవుడి మీద చేస్తావా, మనస్సాక్షి మీద చేస్తావా అన్నాడు. నేను అంకమ్మ తల్లి పేరు చెప్పా. అది నా ఇష్టానికే వదిలాడుగా. ఏసుబాబుకి ఆ ఇష్టం ఉండకూడదా?"

"అది గవర్నమెంటు. ఇది ఊరు."

"మరి కిరసనాయిలు ఎవరిది? అమ్మోరిదా, గవర్నమెంటుదా?"

మూలనున్న మెంబరు సుందరయ్య కిసుక్కున నవ్వి, పోలయ్య చూపు పడగానే దగ్గు నటించాడు.

"అంత నమ్మకముంటే ఆడి బదులు నువ్వే ఆర్పు" అన్నాడు పోలయ్య.

ఆ ఊళ్లో ఒకరి బదులు ఒకరు ఆర్పడం ఉంది, అబద్ధమైతే పాపం ఆర్పినవాళ్లదే. పేరమ్మ కళ్లముందు మొగుడు దానయ్య పడవ తిరిగింది. తెల్లారకముందే సముద్రం మీదికి పోతాడు. ఏసుబాబు ముఖం వైపు చూసింది. నిజం చెబుతున్నట్టే ఉన్నాడు. అలా అనిపించడం వేరు, తెలియడం వేరు!

"ఆర్పను బావా" అంది.

"చూశారా! ఈవిడకే నమ్మకం లేదు."

"నమ్మకం లేక కాదు, తల్లంటే భయముండబట్టే ఆర్పను. నాకు తెలీనిదానికి ఆ తల్లిని సాక్ష్యం పిలవను. డబ్బా ఎక్కడ పోయిందో వెతకాల్సింది మనం. మన పని ఎగ్గొట్టి ఆవిడ నెత్తిన పెడతామా?"

పోలయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

"బాపట్లలో ఆ ఆఫీసరున్నాడుగా, రేపు ఆయన్నే అడుగు. ప్రమాణం అక్కర్లేదంటే ఆడి పని ఆడిదే. అప్పటిదాకా లాంతర్లు ముట్టుకోనివ్వను."

ఆ సాయంత్రం వీధి వెలగలేదు. పేరమ్మ తడుముకుంటూ ఇల్లు చేరింది. ముందు అంకమ్మ తల్లి పటానికి దణ్ణం పెట్టుకుంది. ఆ పైన గుమ్మంలో అటూ ఇటూ తిరగడం మొదలెట్టింది. రేపు బండెక్కే ముందు రేపల్లె పోస్టాఫీసులో బాపట్లకి ట్రంకాల్ బుక్ చెయ్యాలి. ఫోను ఏ చెవికి పెట్టుకోవాలో కూడా తెలియదు. అడగాల్సింది మాత్రం నోటికి పట్టించుకుంటోంది.

"సార్, నేను పేరమ్మనండీ, పంచాయతీ మెంబర్ని. ఒక్క మాట చెప్పండి. వీధిలో దీపం పెట్టేవాడు ఏ దేవుడికి మొక్కాలండీ?"