అర చుట్టు తిప్పని పళ్ల చక్రం

నా దినచర్య పుస్తకంలో ఆ వైపర్ల పనికి పదకొండు పుటలు పట్టాయి. విప్పిన ప్రతి భాగానికీ ఒక అంకె, ఒక బొమ్మ, విప్పిన రోజు, వేళ. మొత్తం ఇరవై ఏడు భాగాలు, ఒక్కటీ పోలేదు. ఇంత పద్ధతిగా సాగిన పనిలోకి తప్పు ఏ దారిన వచ్చిందో చెప్పాలంటే ముందు నా ఈర్ష్యను చెప్పుకోవాలి.

కారు నాకంటే నాలుగేళ్లు పెద్దది. అహేరిలో ఒక కలప కాంట్రాక్టరు ఇంటి వెనుక, కోళ్లు గుడ్లు పెట్టుకునే చోటుగా మిగిలిపోయిన దాన్ని నేను తెచ్చుకున్నాను. దానికి నీడనిచ్చిన రేకుల షెడ్డు సిరోంచలో ఉస్తాద్‌ది. ఆయన డెబ్బై దాటిన మెకానిక్కు. చేతులు వణకడం మొదలయ్యాక పానా పట్టడం మానేసి, కుర్చీలో కూర్చుని మాటతోనే పని చేయిస్తారు. తహసీల్ కచేరీలో రికార్డులు చూసే నేను ప్రతి ఆదివారం తొమ్మిదింటికి వెళ్లి ఆయన చెప్పినది చేస్తాను. ఆ వేసవికి అలా తొంభై మూడు ఆదివారాలయ్యాయి. అన్నిటిలోనూ ఆయన నన్ను, గుమాస్తాను పిలిచినట్టు, ‘మున్షీ సాబ్’ అనే పిలిచారు. అందులో మర్యాద ఎంతో, వెక్కిరింపు ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. వైపర్ల తరువాత మిగిలే పెద్ద పని గేర్ డబ్బా. దాన్ని నా చేతికి అప్పగిస్తే ఆయన నన్ను పనివాడిగా ఒప్పుకున్నట్టే అనుకుంటూ ఉన్నాను.

మే నెలలో నా బామ్మర్ది వచ్చాడు. మంచిర్యాలలో బోరు మోటార్లు బాగు చేస్తాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. షెడ్డంతా ఒకసారి తిరిగి చూసి, బల్ల మీద ఉన్న వైపర్ మోటారుకు బ్యాటరీ తీగలు తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“లోపట బుష్ ఎండిపోయింది. నూనె సుక్క చాలు,” అన్నాడు.

“అరే బేటా, ఎవలు నేర్పిండ్రు నీకు?” అన్నారు ఉస్తాద్, కుర్చీలో ముందుకు జరిగి.

“ఎవలు నేర్పలే ఉస్తాద్. మోటరే చెప్తది.”

వాడు వచ్చి అప్పటికి పన్నెండు నిమిషాలైంది. తొంభై మూడు ఆదివారాల్లో నాకు దక్కని ఆ ‘బేటా’ వాడికి పన్నెండు నిమిషాల్లో దక్కింది. గడియారం చూసుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ కారులో వైపర్ల ఏర్పాటు ఇలా ఉంటుంది. మోటారు ఒక ఉక్కు తీగను గొట్టంలో ముందుకూ వెనక్కూ లాగుతుంది. తీగ చుట్టూ స్ప్రింగు చుట్టినట్టు మెలికలు ఉంటాయి. అద్దం కింద రెండు చోట్ల రెండు చిన్న పళ్ల చక్రాలు ఆ మెలికలను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతాయి. వైపర్లు ఊగేది వాటితోనే. విప్పేటప్పుడు ఏ పన్ను ఎక్కడ ఉందో తెలియడానికి నేను ప్రతి చక్రానికీ, దాని గూటికీ ఎదురెదురుగా తెల్ల రంగు చుక్కలు పెట్టాను.

“పళ్లకు సున్నం ఏసినవేంది బావా? పెండ్లి గిట్ల చేస్తున్నవా వీటికి?” అన్నాడు బామ్మర్ది. ఉస్తాద్ దగ్గు వచ్చేదాకా నవ్వారు.

ఉస్తాద్ భోజనానికి లేచి వెళ్లాక, బామ్మర్ది డ్రైవరు వైపు చక్రాన్ని నా అరచేతిలో పెట్టాడు. ఈసారి నవ్వలేదు.

“ఈడ సూడు బావా. గీ దిక్కు పళ్లే అరిగినయ్. వైపరు సగం చుట్టు గూడ తిరగది గదా, ఎన్నేండ్లయినా గవే పళ్లు పని చేస్తయ్. ఎనక దిక్కువి కొత్తయి ఉన్నట్టే ఉన్నయ్. బిగించెటప్పుడు అర చుట్టు తిప్పి పెట్టు. గట్లనే పెడితే వానల జారుతది.”

చెప్పగానే అర్థమైంది. ఇది నాకు ఎందుకు తోచలేదన్నది మాత్రం అర్థం కాలేదు. “సరే,” అన్నాను. మరునాడు వాడు బస్సెక్కి వెళ్లిపోయాడు.

తరువాతి ఆదివారం బిగింపు మొదలుపెట్టాను. గొట్టాలు తుడిచి, తీగకు గ్రీజు పట్టించి, చక్రాన్ని వేళ్ల మధ్య పట్టుకున్నాను. ఒక వైపు పళ్లు పల్చబడి ఉన్నాయి. ఎదుటి వైపువి వేలికి గుచ్చుకుంటున్నాయి. తిప్పితే, ఎందుకు తిప్పావని ఉస్తాద్ అడుగుతారు. అడిగితే ఎవరు చెప్పారో చెప్పాలి. చెబితే ఆయన ముఖంలో వెలిగేది నా కోసం కాదు. నేను చుక్కకు ఎదురుగా చుక్క ఉంచి, మూత వేసి, మరలు బిగించాను. విప్పినది విప్పినట్టు పెట్టడమే పద్ధతి అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటను నేను ఒక్క నిమిషం కూడా నమ్మలేదు.

మోటారును తిప్పి, అది తన చోట ఆగాకనే వైపర్లు తొడిగాను. క్యానుతో అద్దం మీద నీళ్లు పోశాను. పది నిమిషాలపాటు రెండూ తడబడకుండా ఊగాయి.

“అన్నీ నీ పుస్తకం లెక్కనే పెట్టినవా?” అన్నారు ఉస్తాద్.

“ఒక్కటి గూడ తప్పలేదు.”

“శభాష్ మున్షీ సాబ్.”

ఆ శభాష్‌ను వేళతో సహా రాసుకున్నాను.

జూలైలో ఒక ఆదివారం ముసురు పట్టింది. కారును వానలో చూడాలని ఉస్తాద్ ముచ్చటపడి, గొడుగు కాళ్ల మధ్య పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. ప్రాణహిత వంతెన మధ్యకు చేరేసరికి ఎదురుగా వచ్చిన లారీ బురద నీటిని అద్దం నిండా కొట్టింది. నా వైపు వైపరు ఒకసారి పైకి లేచి, కిటకిటలాడి, అద్దం మధ్యలో ఆగిపోయింది. ఉస్తాద్ వైపుది ఏమీ పట్టనట్టు ఊగుతూనే ఉంది.

“నాకు మంచిగనే కనపడుతున్నది. నువ్వు జర ఇటు జరిగి నడుపు,” అన్నారాయన. తరువాత నవ్వు ఆపి చెవి ఒగ్గారు. “పన్ను జారుతున్నది. పళ్లు అరిగినయా?”

“అరిగినట్టున్నయ్.”

“మరి బేటా సూసిండు గదా చక్రాలు. నీకేం చెప్పలేదా?”

కారును వంతెన అంచుకు ఆపాను. వాన కప్పు మీద మోగుతోంది. చెప్పాడని అనడానికి ఒక్క మాట చాలు. నేను అద్దం వైపే చూస్తూ కూర్చున్నాను. ఉస్తాద్ ఫోను తీసి బామ్మర్దిని పిలిచి, నేను కూడా వినేలా స్పీకరు పెట్టారు.

“ఏం బేటా, చక్రం అరిగింది సూసి గూడ మున్షీకి చెప్పకపోతివి?”

అవతల ఏదో మోటారు ఆపిన చప్పుడైంది. “అరే, నేనే మర్చిపోయిన ఉస్తాద్. పరేషాన్ చేసిన మిమ్ముల. బావనేం అనకున్రి.”

ఆ పూట నేను పుస్తకంలో ఏమీ రాయలేదు.

మరుసటి ఆదివారం ఉస్తాద్ ఎదుటే మూత విప్పి, రెండు చక్రాలనూ అర చుట్టు తిప్పి పెట్టాను. ఆయన మనసు మాత్రం ఫోనులో విన్న మాట మీదే ఉంది.

“యాభై ఏండ్ల సంది సూస్తున్న. పని చెడితే పానాను తిట్టినోడే గాని, నేను మర్చిపోయిన అన్నోడు ఒక్కడు లేడు. గేర్ డబ్బా ఆ పిలగానితోనే ఇప్పిస్త. నువ్వు పక్కన కూసొని రాసుకో.”

నిజాయితీ నన్ను మాట్లాడించిందని అనను. నేను చేసిన తప్పుకు కూడా వాడికే మెప్పు దక్కడం నేను ఓర్చుకోలేకపోయాను.

“ఆ తప్పు నాది ఉస్తాద్. మా బామ్మర్ది తిప్పుమని చెప్పిండు. నేనే తిప్పలే.”

“ఎందుకు?”

“మీరు ఆయన్ని బేటా అన్నరు.”

ఉస్తాద్ కుర్చీని నా వైపు తిప్పుకున్నారు. “యాభై రెండేండ్లున్నయ్ నీకు.”

“యాభై మూడు.”

“అయితే నిన్ను కాపాడనీకి అబద్ధమాడిండా ఆ పిలగాడు?” అంటూ, నేను ఊహించిన కోపం ఏదీ చూపకుండా, మళ్లీ ఫోను తీశారు. “బేటా, నీ బావ అంత చెప్పిండు. గేర్ డబ్బా ఉన్నది, ఎప్పుడొస్తవ్?”

“బావనే ఇప్పమనున్రి ఉస్తాద్,” అంది ఫోను. “ఆయన ఇప్పితే ఒక్క బిళ్ల గూడ పోదు. నేను దసరాకొచ్చి బిగిస్త.”

ఉస్తాద్ తల ఊపి, పెద్ద పానాను నా వైపు జరిపారు. ఆ పంపకంలో ఎక్కడైనా అన్యాయం ఉందేమోనని మధ్యాహ్నం దాకా వెతికాను. దొరకలేదు. దసరాకు ఇంకా పదకొండు వారాలున్నాయి. నాలుగు వారాల్లో విప్పగలను. మిగతా ఏడు వారాల్లో బిగించడం కూడా నేర్చుకోవచ్చునా అని ఉస్తాద్‌ను అడగడానికి మాత్రం ఇంకా నోరు రాలేదు.